పాత కారు, టైమింగ్ బెల్టు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో టైమింగ్ బెల్టు గురించి అడిగినవే ఎక్కువ. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఒక్క విషయానికే కేటాయించాము. ఉత్తరాలను కొంత కుదించి, రాసినవారి ఊరి పేర్లు మాత్రం ఉంచాము.

ప్రశ్న: మాది 2009 మోడల్ పెట్రోలు కారు. 74 వేల కిలోమీటర్లు తిరిగింది. హైదరాబాదు నుంచి విజయవాడ వెళుతుండగా సూర్యాపేట దాటాక ఎలాంటి శబ్దమూ లేకుండా ఇంజన్ ఆగిపోయింది. పది పదిహేనుసార్లు సెల్ఫ్ కొట్టినా స్టార్టు కాలేదు. షెడ్డుకు లాక్కుని వెళితే టైమింగ్ బెల్టు తెగిందన్నారు. కొత్త బెల్టు వేశాక కూడా ఇంజన్ అందుకోలేదు. ఇప్పుడేమో వాల్వులు వంగాయి, హెడ్డు దించాలి అంటున్నారు. ఒక రబ్బరు బెల్టు తెగినంత మాత్రాన లోపలి ఇనుము వంగుతుందా? నన్ను బురిడీ కొట్టిస్తున్నారేమోనని అనుమానంగా ఉంది. — ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీ అనుమానం సహజమే కానీ, మెకానిక్ చెప్పినది నిజమయ్యే అవకాశమే ఎక్కువ. ఎందుకో తెలియాలంటే ఆ బెల్టు చేసే పని ఏమిటో ముందు చూడాలి.

ఇంజన్‌లో కింద క్రాంక్ షాఫ్టు, పైన సిలిండర్లకు మూతలా ఉండే హెడ్డులో కామ్ షాఫ్టు ఉంటాయి. పిస్టన్లు పైకీ కిందికీ ఆడే ఆటను గుండ్రటి తిరుగుడుగా మార్చేది క్రాంకు. గాలి లోపలికి రావడానికీ, కాలిన పొగ బయటికి పోవడానికీ వాల్వులను తెరిచేది కామ్. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి కామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్క ఒక్క పన్ను కూడా తప్పకుండా నడిపించేదే పళ్లున్న ఆ బెల్టు. అది నడిపేది వాల్వులనే తప్ప చక్రాలను కాదు కనుక, దాని విలువ అది తెగిన రోజు దాకా మనకు తెలియదు.

వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని తల సిలిండరులోకి కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. పిస్టన్ పైకొసకు చేరినప్పుడు దాదాపు ఆ చోటుకే వస్తుంది. అంటే ఒకే చోటును రెండూ వంతులవారీగా వాడుకుంటున్నాయి. వంతు తప్పకుండా చూసేది బెల్టు. ఈ అమరిక ఉన్నవాటిని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్లు అంటారు. తయారీదారులు తెలియక చేసిన పొరపాటు కాదిది. వాల్వు ఎక్కువ లోతుకు దిగితే ఇంజన్ బాగా ఊపిరి పీలుస్తుంది, పిస్టన్ పైన ఖాళీ తగ్గితే కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి, పెరుగుతుంది, రెండూ కలిసి మైలేజీనీ పికప్‌నూ పెంచుతాయి. ఆ లాభానికి కట్టే మూల్యం ఏమిటో మీకు సూర్యాపేట దగ్గర తెలిసింది.

హైవే మీద ఇంజన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 40 చుట్లు. ఒక్కో చుట్టుకు సెకనులో నలభయ్యో వంతు. బెల్టు తెగిన క్షణాన కామ్ షాఫ్టు స్ప్రింగుల ఒత్తిడికి ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది, కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. క్రాంకు మాత్రం ఆగదు. గేరులో ఉన్న కారు పరుగే దాన్ని తిప్పుతూ ఉంటుంది. మీరు రెప్ప వేసేలోపే ప్రతి పిస్టనూ పలుమార్లు పైకి వచ్చి, తెరిచి ఉన్న వాల్వుల తలలను గుద్దేసి ఉంటుంది. రోడ్డు హోరులో ఆ చప్పుడు వినబడకపోవడంలో వింత లేదు. కాబట్టి ఇనుమును వంచినది రబ్బరు కాదు, ఇనుమే.

తరువాత మీరు కొట్టిన సెల్ఫుల మాట. బెల్టు తెగిన బండికి సెల్ఫ్ కొడితే ఇంజన్ రోజూ తిరిగే బరువుతో కాకుండా తేలికగా, గిర్రున తిరుగుతుంది. వాల్వులు మూసుకోక కంప్రెషన్ లేకపోవడమే దానికి కారణం. ఈ తేడా చెవికి తెలిసిన వెంటనే తాళంచెవి తీసేయాలి. వంగి ఊరుకున్న వాల్వు తల మళ్లీ మళ్లీ దెబ్బ తిని విరిగి సిలిండరులో పడితే పిస్టన్, బోరు, హెడ్డు మూడూ పాడవుతాయి. రోడ్డు మీద నలుగురూ చేరి తోసి స్టార్టు చేయిద్దామంటారు. వారి మంచితనానికి దండం పెట్టి, టోయింగ్ బండిని పిలిపించుకోవడం మేలు.

ఇక మీ మెకానిక్ మాటను సరిచూసుకునే మార్గం ఉంది. కొత్త బెల్టును గుర్తులకు సరిపెట్టి వేశాక స్పార్క్ ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్ల కంప్రెషనూ గేజితో చూడమనండి. అన్నింటిలోనూ మామూలుగా ఉంటే వాల్వులు వంగలేదు, తప్పు మరెక్కడో ఉంది. ఒకటి రెండింటిలో ముల్లు లేవకపోతే లీక్ డౌన్ పరీక్ష చేయించవచ్చు: సిలిండరులోకి ఒత్తిడితో గాలి పంపితే, అది ఇన్‌టేక్ వైపు నుంచి బుసకొడితే ఆ వాల్వు, సైలెన్సరు వైపు నుంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు కూర్చోవడం లేదని అర్థం. ప్లగ్గు రంధ్రం గుండా సన్నని కెమెరా దింపి పిస్టన్ నెత్తిని చూసే పరికరం కూడా ఇప్పుడు చాలా షెడ్లలో ఉంది. అక్కడ అర్ధచంద్రాకారంలో తాజా దెబ్బ కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

హెడ్డు దించక తప్పదని తేలితే, దించిన రోజు వెళ్లి మీ కళ్లతో చూడండి. వంగిన వాల్వులను నిటారు చేసి వాడకూడదు, మార్చాల్సిందే. వాల్వు కాడ జారే గైడ్లు పగిలాయేమో, దాని తల ఆనే సీట్లు దెబ్బతిన్నాయేమో చూడాలి. కొత్త వాల్వులను సీట్లలో రుబ్బి కూర్చోబెట్టాక పోర్టుల్లో పెట్రోలు పోసి కారడం లేదని నిర్ధారించుకోవాలి. పిస్టన్ల మీద పైపైన గీతలుంటే ఫరవాలేదు. లోతైన గుంట గానీ పగులు గానీ ఉంటే మార్చాలి. నాలుగు పిస్టన్లూ పైకొసలో ఒకే ఎత్తుకు వస్తున్నాయో లేదో కొలిస్తే పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిందా లేదా తెలుస్తుంది. ఈ ఒక్క కొలత చాలామంది వదిలేస్తారు. హెడ్ గాస్కెట్ కొత్తదే వేయాలి. బిగించేటప్పుడు సాగే రకం హెడ్ బోల్టులున్న ఇంజన్లలో బోల్టులను కూడా మార్చాలి. ఇన్ని చెప్పాను కదా అని భయపడకండి. పెట్రోలు ఇంజన్లలో నష్టం తరచుగా వాల్వులతోనే ఆగుతుంది. డీజిల్ ఇంజన్లలో పిస్టన్ పైన ఖాళీ మరీ తక్కువ కావడం వల్లనూ, వాల్వులు నిలువుగా ఉండడం వల్లనూ దెబ్బ వాల్వులను నొక్కే రాకర్లకూ, కామ్ షాఫ్టుకూ కూడా పాకుతుంది.

ప్రశ్న: మా నాన్నగారి మారుతి 800 నాకు వచ్చింది. 2006లో కొన్నది, ఇప్పటికి 31 వేల కిలోమీటర్లే తిరిగింది. ఆయన వారానికి ఒకసారి కూరగాయల మార్కెట్టుకు తీసేవారు. సర్వీసు పుస్తకం చూస్తే టైమింగ్ బెల్టు మార్చినట్టు ఎక్కడా లేదు. ఇంత తక్కువ తిరిగిన బండికి ఇప్పుడే మార్చాలా? — ఒక పాఠకురాలు, కొత్తగూడెం

జవాబు: ఇప్పుడే మార్చాలి. ఈ వారమే మార్చించి, అంతవరకు బండి తీయకండి.

బెల్టు అరుగుదలను కిలోమీటర్లతోనే కొలవడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. తయారీదారులు గడువును రెండు లెక్కల్లో ఇస్తారు: ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని సంవత్సరాలు, ఏది ముందైతే అది. కారును బట్టి, తరాన్ని బట్టి ఆ అంకె మారుతుంది కనుక మీ కారు పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. షెడ్డులో ఎవరో చెప్పిన గుండు లెక్కను నమ్మకండి. అయితే ఏ లెక్కన చూసినా 2006 నాటి బెల్టు గడువు ఎప్పుడో దాటిపోయింది.

బెల్టు పైకి రబ్బరులా కనబడినా, దాని బలమంతా లోపల పొడవునా నడిచే సన్నని గాజు నార తాళ్లలో ఉంటుంది. వాటికి పట్టుగా ఉండేది రబ్బరు. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి అది గట్టిపడి, సాగే గుణం కోల్పోయి, పళ్ల మొదళ్ల దగ్గర చిట్లుతుంది. బండి తిరిగినా తిరగకపోయినా రబ్బరు ముదరడం ఆగదు. పైగా వారానికోసారి తిరిగే బండిలో బెల్టు మిగతా ఆరు రోజులూ పుల్లీల మీద ఒకే వంపులో ఉండిపోతుంది. ఎక్కువ తిరిగిన బండి కన్నా ఇలా దాచుకున్న బండ్లకే నేను ఎక్కువ భయపడతాను. తిరిగే బండి సర్వీసుకు వెళుతుంది, ఎవరో ఒకరు బెల్టు సంగతి అడుగుతారు. దాచుకున్న బండిని అడిగేవారుండరు.

మూత విప్పి చూసి, పగుళ్లు లేవు కాబట్టి బాగుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పగుళ్లు కనబడితే మార్చాలన్నది నిజమే. కనబడకపోతే బాగున్నట్టు కాదు, ఎందుకంటే లోపలి నార తెగిన సంగతి పైకి తెలియదు.

మీ నాన్నగారిని తప్పుపట్టనవసరం లేదు. పాత అంబాసడర్, ప్రీమియర్ పద్మిని పెట్రోలు ఇంజన్లలో కామ్ షాఫ్టు కింద బ్లాకులోనే ఉండేది, క్రాంకుకూ దానికీ మధ్య చిన్న చైన్ సరిపోయేది. కామ్ షాఫ్టు పైకి, హెడ్డులోకి చేరాకనే ఇంత పొడవు బెల్టు అవసరమైంది. జర్మనీలో 1962 నాటి గ్లాస్ 1004 ఇలాంటి బెల్టుతో అమ్మకానికి వచ్చిన తొలి కారు. ఫియట్ 1966లో 124 స్పోర్ట్‌తో ఆ దారి పట్టింది. మన మధ్యతరగతి ఇళ్లకు ఈ బెల్టు చేరింది ముఖ్యంగా మారుతితోనే. అంతకుముందు బండ్లు నడిపినవారికి ఫ్యాన్ బెల్టు తప్ప మరో బెల్టు ఉంటుందన్న ఆలోచనే ఉండేది కాదు.

మార్చేటప్పుడు బెల్టు ఒక్కటే వేయించకండి. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు, బెల్టును దారిలో ఉంచే ఐడ్లర్ పుల్లీ ఉన్న ఇంజనైతే దాని బేరింగు, టైమింగ్ బెల్టే వాటర్ పంపును తిప్పే ఇంజనైతే పంపు కూడా అదే చేతితో మార్పించాలి. పంపు బేరింగు పట్టేస్తే రేపటి కొత్త బెల్టు కూడా తెగుతుంది. క్రాంకు, కామ్ ఆయిల్ సీళ్ల దగ్గర చెమ్మ ఉంటే అవీ మార్చాలి. ఇంజన్ ఆయిల్ తగిలిన బెల్టు ఉబ్బి పాడవుతుంది. సామాను మాత్రం బిల్లుతో కొనండి. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, రాణీగంజ్‌లో అయినా అసలు డబ్బాలో నకిలీ పెట్టి అమ్మేవారు ఉంటారు, ఆ పక్క దుకాణంలోనే అసలుది అమ్మేవారూ ఉంటారు.

ప్రశ్న: నెల క్రితం బెల్టు మార్పించాను. అప్పటినుంచి బండి స్టార్టవుతుంది కానీ పికప్ లేదు, నిలబడి ఉన్నప్పుడు వణుకుతోంది, పెట్రోలు ఎక్కువ తాగుతోంది. కొత్త బెల్టు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుందని మెకానిక్ అంటున్నాడు. — ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: టైమింగ్ బెల్టు చెప్పుల జత కాదు, వాడగా వాడగా సర్దుకోవడానికి. మొదటి నిమిషం నుంచే అది సరిగ్గా ఉండాలి. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒక పన్ను తేడాగా వేసిన బెల్టువే.

ఒక్క పన్నే కదా అనిపించవచ్చు. కామ్ పుల్లీకి 40 పళ్లున్నాయనుకుంటే ఒక పన్ను అంటే కామ్ మీద 9 డిగ్రీలు, క్రాంకు లెక్కలో 18 డిగ్రీలు. వాల్వులు అంత ముందుగానో, ఆలస్యంగానో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయన్నమాట. ఒక పన్నుకు చాలా ఇంజన్లలో పిస్టన్ తగలదు కానీ, రెండు మూడు పళ్లు తప్పితే తగలవచ్చు. అందుకని ఇలాగే తిప్పుతూ ఉండకండి.

సరైన పద్ధతి ఇది. మొదటి సిలిండరు పిస్టన్ పైకొసలో ఉండగా క్రాంకు గుర్తు, కామ్ గుర్తు రెండూ కంపెనీ చూపిన చోట్లకు రావాలి. కొన్ని ఇంజన్లలో వాటిని కదలకుండా పట్టి ఉంచే పిన్నులు పెట్టాలి. పాత బెల్టు మీదా పుల్లీ మీదా పెయింటు చుక్కలు పెట్టుకుని అదే లెక్కన కొత్తది ఎక్కించడం దొడ్డిదారి. బెల్టు ఎక్కించి, టెన్షనర్ సరిచేశాక, సెల్ఫ్ జోలికి పోకుండా స్పానరుతో చేత్తో ఇంజన్‌ను పూర్తిగా రెండు చుట్లు తిప్పాలి. రెండు చుట్లే ఎందుకంటే అప్పుడే కామ్ ఒక చుట్టు పూర్తయి గుర్తులన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయకూడదు, అక్కడ పిస్టనూ వాల్వూ ఎదురుపడ్డాయని అర్థం. మీ మెకానిక్ ఈ రెండు చుట్లూ తిప్పి ఉంటే ఈ ఉత్తరం రాసే పని మీకు ఉండేది కాదు. బండిని తిరిగి తీసుకువెళ్లి, మూత విప్పించి, గుర్తులు మీ ఎదురుగా చూపించమనండి. ఈ పనికి మళ్లీ మజూరీ ఇవ్వనక్కర్లేదు.

ప్రశ్న: పాత కారు కొందామనుకుంటున్నాము. చైన్ ఉన్న కారైతే ఈ బాధ ఉండదంటున్నారు. ఏ కారుకు బెల్టు, ఏ కారుకు చైన్ అన్నది ఎలా తెలుస్తుంది? — ఒక పాఠకుడు, నిజామాబాదు

జవాబు: కారు పేరు చూస్తే తెలియదు, ఇంజన్ చూడాలి. హ్యుందాయ్ ఐ10నే తీసుకోండి: 1.1 లీటరు ఇంజన్‌కు బెల్టు, 1.2 కప్పా ఇంజన్‌కు చైన్. మారుతి వ్యాగన్ ఆర్ మొదట బెల్టు ఇంజన్‌తో నడిచింది, కె శ్రేణి ఇంజన్ వచ్చాక చైన్‌కు మారింది. శాంత్రో, పాత టాటా ఇండికా డీజిల్, ఇన్నోవా 2.5 డీజిల్ బెల్టువి. డస్టర్, లోగాన్, టెర్రానో, సన్నీ డీజిల్ కార్లలో ఉన్న రెనో 1.5 డీసీఐ ఇంజన్ కూడా బెల్టుదే. స్విఫ్ట్, రిట్జ్, పుంటో, ఇండికా విస్టా క్వాడ్రాజెట్ వంటి ఎన్నో కార్లలో దర్శనమిచ్చిన ఫియట్ 1.3 మల్టీజెట్ చైన్‌ది. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ వీటన్నిటికీ భిన్నం. దానిది బెల్టే కానీ, ఇంజన్ ఆయిల్‌లో తడుస్తూ తిరిగే బెల్టు. అలాంటిదానిలో కంపెనీ చెప్పిన ఆయిల్ కాక మరొకటి పోస్తే బెల్టు చివికి, ఆ తునకలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడతాయి.

చైన్ అంటే జీవితాంతం చూడనక్కర్లేదన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. ఆయిల్ వేళకు మార్చని బండిలో చైన్ లింకులు అరిగి వదులవుతాయి, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనర్ నీరసిస్తుంది. తెల్లవారి మొదటిసారి స్టార్టు చేసినప్పుడు కొద్ది సెకన్లు గొలుసు ఊగిన చప్పుడు వస్తే జాగ్రత్తపడాలి. చైన్ తెగడానికి ముందు ఇలా కాస్త గోల చేస్తుంది, బెల్టు ఆ మర్యాద కూడా పాటించదు. అంతే తేడా.

బెల్టు కారే కొన్నా తప్పులేదు. అమ్మేవారు మార్పించామంటే తేదీ, కిలోమీటర్లు, విడిభాగాల పేర్లు ఉన్న బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. ఆ ఖర్చును బేరంలో తగ్గించుకుని, కొన్న వెంటనే మార్పించండి. కేడీ శ్రేణి డీజిల్ ఇంజన్లున్న కొన్ని టయోటా బండ్లలో బెల్టు గడువు గుర్తుచేసే దీపం డ్యాష్‌బోర్డులో వెలుగుతుంది. కానీ అది కిలోమీటర్లను లెక్కపెట్టే దీపమే, బెల్టును చూసే కన్ను కాదు. బెల్టు మార్చకుండానే దాన్ని ఆర్పేయవచ్చు కూడా.

ప్రశ్న: ఉదయం స్టార్టు చేయగానే ఇంజన్ వైపు నుంచి కీచుమనే శబ్దం వస్తోంది. టైమింగ్ బెల్టు తెగబోతోందా? — ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కీచుమనేది సాధారణంగా బయట ఉండే ఆల్టర్నేటర్ బెల్టు. దానికి పళ్లుండవు, వదులైతే పుల్లీ మీద జారి అరుస్తుంది. టైమింగ్ బెల్టుకు పళ్లుంటాయి కనుక అలా జారదు. ఆ వైపు నుంచి శబ్దం వస్తే గుర్రుగుర్రుమనే బేరింగు శబ్దం వస్తుంది. అది టెన్షనర్‌దో, వాటర్ పంపుదో అయితే ఆలస్యం చేయకూడదు. అయితే బయటి బెల్టును నిర్లక్ష్యం చేయకండి. అది చిరిగినప్పుడు దాని పీలికలు క్రాంకు పుల్లీ వెనుక నుంచి టైమింగ్ మూతలోకి దూరి లోపలి బెల్టును పుల్లీ మీద పళ్లు దాటించిన సందర్భాలు ఉన్నాయి, ముఖ్యంగా కింది మూత పగిలిపోయిన బండ్లలో.

ప్రశ్న: నా కారుకు ఫుల్ ఇన్సూరెన్సు ఉంది, పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ కూడా రెన్యువల్ చేయించాను. బెల్టు తెగి ఇంజన్ పోతే బీమా వస్తుందా? — ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: రాదు. మన దేశంలో కార్ల ప్యాకేజీ పాలసీ నిబంధనల్లోనే అరుగుదలనూ, యాంత్రిక వైఫల్యాన్నీ మినహాయించారు. బెల్టు తెగడం ప్రమాదం కిందికి రాదు, పాతబడడం కిందికి వస్తుంది. అదనపు ప్రీమియంతో ఇచ్చే ఇంజన్ రక్షణ కవరు కూడా ప్రధానంగా ఇంజన్‌లోకి నీళ్లు పోవడం, ఆయిల్ కారిపోవడం వంటివాటికే వర్తిస్తుంది. కొనే ముందు మినహాయింపుల పేజీ చదవండి. బెల్టు తెగి ఇంజన్ ఆగి, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరు సాయం పోవడం వల్ల మరో బండిని గుద్దితే, ఆ గుద్దిన నష్టం సంగతి వేరు. దానికి క్లెయిమ్ పెట్టుకోవచ్చు, అయినా బెల్టు ఖర్చూ వాల్వుల ఖర్చూ అందులో కలవవు.

ఇక ఫిట్‌నెస్ పరీక్షలో చూసేవి బ్రేకులు, దీపాలు, పొగ వంటివి. టైమింగ్ మూత ఎవరూ విప్పరు. ఆర్సీ మీద పడిన కొత్త తేదీ బండిదే తప్ప బెల్టుది కాదు కాబట్టి, బెల్టు మార్చిన తేదీని ఒక చిన్న చీటీ మీద కిలోమీటర్లతో సహా రాయించి బానెట్ లోపలివైపు అతికించుకోండి.